తేడాకు కారణం తెలపండి

బసవపున్నయ్య అంటే ఆ ఆఫీసులో ఎవరికీ పడేది కాదు. ఆయనకీ ఎవరూ పడేవాళ్ళు కాదు కాబట్టి ఇరుపక్షాలకీ న్యాయం జరిగినట్టే.

ఢిల్లీలో భికాజీ కామా దగ్గర ఓ ఆరంతస్తుల బిల్డింగు. అందులో నాలుగో అంతస్తు. సమాజం మీద పరిశోధన చేస్తామనే వాళ్ళకి సర్కారు తరఫున గ్రాంట్లు ఇచ్చే మండలి అది. అసలు పేరు మనకెందుకు, మండలి అనుకుందాం. దేశం నలుమూలల నుంచీ ప్రొఫెసర్లూ లెక్చరర్లూ దరఖాస్తులు పంపుతారు. అందులో చదువు సంగతి చూసేది నిపుణుల కమిటీ. కాగితాల సంగతి చూసేది బసవపున్నయ్య. సెక్షన్ ఆఫీసరుగా ఆయన సంతకం పెట్టి పైకి పంపితేనే కమిటీ ఆ దరఖాస్తు మొహం చూస్తుంది. లేకపోతే ఎంత మహా పండితుడిదైనా వచ్చిన దారినే పోవాల్సిందే.

కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అంటారే, ఈయన పీకిన ఈకలకి వరుస నంబర్లు కూడా వేసే రకం. మార్జిన్ తక్కువైంది, తిప్పి పంపు. ముద్ర అలికిపోయింది, తిప్పి పంపు. తేదీ ఒకచోట అంకెల్లో, ఇంకోచోట అక్షరాల్లో ఉంది, తిప్పి పంపు. అనంతపురం నుంచి ఒకాయన మూడుసార్లు పంపి, నాలుగోసారికి వయసు పరిమితి దాటిపోయి, ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈయన రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని ఆయన ఏడుపు పూర్తయ్యేదాకా ఆగి, "రూలు చదువుకుని రాయాల్సింది మాస్టారూ" అన్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని ఆబ్జెక్షన్ సాబ్ అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

ఇంట్లో సుభాషిణమ్మ మాట కూడా అదే. "కూరలో ఉప్పు తగ్గిందంటే, ఎందుకు తగ్గిందో రాసిమ్మనే మనిషితో ముప్ఫై మూడేళ్ళు కాపరం చేశాను, నాకేం తక్కువ?" అని ఆర్కే పురం క్వార్టర్సులో అందరితోనూ నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో నవ్వెంతో మనకి తెలియదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. దరఖాస్తుదారుడి చేతి టీ చుక్క ఆయన గొంతు దిగలేదు. ఆయన సొంతూరు తెనాలి పక్క ఊరివాణ్ణంటూ వరసలు కలుపుకుని వచ్చినవాణ్ణి కూర్చోమని కూడా అనలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఏ ఫైల్లోనూ ఆయన తప్పు అని ఒక్క వాక్యం ఎవరూ రాయలేకపోయారు. ఆయన ఆస్తంతా అదే. దాని మీద కూర్చునే లోకాన్ని ఈసడించుకునేవాడు.

అట్లాంటి మనిషికి హాసిని తగిలింది.

హాసినిది నారాయణపేట వైపు. ఢిల్లీలో ఓ కాలేజీలో సోషియాలజీ చెబుతుంది. నలభై ఏళ్ళ కిందట పాలమూరు నుంచి బొచ్చెలు నెత్తిన పెట్టుకుని కూలికి వచ్చి, ఈ ఊళ్ళో వంతెనలకీ స్టేడియాలకీ కాంక్రీటు మోసి, ఇక్కడే మిగిలిపోయిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ పేరు కూలీల హాజరు రాసే ఏ మస్టరు రోల్‌లోనూ లేదు. వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ నోటి మాట రికార్డు చేసి, పుస్తకం చెయ్యాలని ఆవిడ పట్టుదల. రెండేళ్ళు నరేలా, బవానా బస్తీలన్నీ తిరిగి ముప్ఫై ఒక్కమందిని వెతికి పట్టుకుంది. అందరూ డెబ్భై దాటినవాళ్ళే. ఆ ముప్ఫై ఒక్క పేర్లూ దరఖాస్తుకి నాలుగో అనెక్సర్‌గా జతచేసి పంపింది.

బసవపున్నయ్య తిప్పి పంపాడు. బయోడేటాలో మూడో పేజీ కింద సంతకం లేదు.

ఆవిడ ఫోన్ చేసింది. "సార్, ఒక్క పేజీల సంతకమే గద. గిప్పుడే మెట్రో ఎక్కొచ్చి పెట్టిపోత."

"గడువు నిన్నటితో అయిపోయిందమ్మా. వచ్చే ఏడు పెట్టండి."

"వచ్చే ఏడాది దాక ఆ ముసలోళ్ళు ఉండొద్దా సార్?"

"అది నా పరిధిలో విషయం కాదు" అన్నాడు బసవపున్నయ్య. నిజమే, కాదు. రూల్స్ పుస్తకం ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగేసినా యముడి ప్రస్తావన ఎక్కడా లేదు.

మరుసటేడు మళ్ళీ పంపింది. ఈసారి ప్రతి పేజీకీ సంతకమే, ఖాళీ పేజీకి కూడా. ఈయన గంటసేపు వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే ఆయనకి అన్నం సయించదు. పాత ఫైలు తెప్పించి, పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. పోయినేడు నాలుగో అనెక్సర్‌లో పేర్లు ముప్ఫై ఒకటి. ఈ ఏడు ఇరవై ఆరు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఉత్తరం కొట్టించాడు: "గత సంవత్సరపు జాబితాకు, ప్రస్తుత జాబితాకు మధ్య అయిదు పేర్ల తేడా గమనించడమైనది. తేడాకు కారణం తెలపండి. అంతవరకు దరఖాస్తు నిలిపివేయబడినది."

పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. కవరు లావుగా ఉంది. అసిస్టెంటు ప్రీతి తెరిచింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, రోజంతా వాగుతూనే ఉంటుంది, ఆ పూట మాత్రం నోరు మెదపకుండా కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఉత్తరంలో ఒక్క ముక్క: "కారణం: మరణం." కింద అయిదు డెత్ సర్టిఫికెట్లు. అయిదింటికీ గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్.

అప్పటికి కమిటీ కూర్చుని లేచిపోయింది. ఆ ఏడూ పోయింది.

ఇందులో ఆయనకి సిగ్గేసిందా అంటే, లేదు. కాలింది. ఎందుకంటే ఆ సాయంత్రానికే క్యాంటీన్లో పాకిపోయింది: ఆబ్జెక్షన్ సాబ్ చచ్చినవాళ్ళ దగ్గర కూడా సంజాయిషీ అడుగుతాడట. ప్యూన్లు కూడా నవ్వుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆయన్ని చూసి భయపడ్డారు, తిట్టుకున్నారు గానీ ఎవడూ నవ్వలేదు. ఆ నవ్వు హాసిని తెచ్చింది. ఆ పేరు వింటే ఒంటికి కారం పూసినట్టుండేది ఆయనకి. ఆవిడ మీద పెంచుకున్న కోపానికి రోజూ నీళ్ళు పోశాడు.

మూడో ఏడు ఆవిడ దరఖాస్తు మళ్ళీ వచ్చింది. నాలుగో అనెక్సర్‌లో పేర్లు పందొమ్మిది. ఈసారి అడక్కముందే ఏడు సర్టిఫికెట్లు జతచేసింది. ఆయన ఆ సర్టిఫికెట్లు చూడలేదు. పైదాని అంచు కనబడగానే ఫైలు మూసేశాడు. ఆ కవరు తన టేబుల్ మీద ఉండటమే ఆయనకి ఇష్టం లేకపోయింది. చెక్‌లిస్టులో టిక్కులు గబగబా కొట్టేసి అదే రోజు కమిటీకి పంపేశాడు. జాలి అనుకునేరు. కాదు. పీడా వదిలితే చాలనుకున్నాడు.

కమిటీ ఆరుగురిని సిఫారసు చేసింది. హాసినిది రెండో పేరు.

ఫైలు డైరెక్టరు భరద్వాజ్ దగ్గరికి వెళ్ళి, సంతకం లేకుండా తిరిగొచ్చింది. నోట్‌షీట్ మీద రెండే రెండు మాటలు: "ప్లీజ్ డిస్కస్." సర్కారీ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఆ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పబోయేది కాగితం మీద పెట్టే మాట కాదు, గదిలోకి రా, అని.

బసవపున్నయ్య వెళ్ళాడు. భరద్వాజ్ కుర్చీ చూపించాడు. అదే మొదటి ప్రమాదం. ఆయన ఎప్పుడూ కుర్చీ చూపించేవాడు కాదు.

"పున్నయ్యాజీ, నెలాఖరుకి రిటైరవుతున్నారు కదా. మీలాంటివాళ్ళు వెళ్ళిపోతే సెక్షన్ ఏమైపోతుంది? ఓ ఏడాది కన్సల్టెంటుగా ఉండిపోండి. నేను రాస్తాను. క్వార్టరు సంగతి కూడా చూద్దాం" అన్నాడు. టీ వచ్చింది. తర్వాత అసలు విషయం వచ్చింది. ఏడో ర్యాంకులో ఉన్న మనిషి పైవాళ్ళకి కావలసినవాడు. పైనున్న ఆరుగురిలో ఒకరు జారిపోవాలి. "ఆ హాసినీ మేడంతో మీకు పాత లెక్క ఒకటుందిగా. కాగితాల్లో ఏదో ఒకటి దొరక్కపోదు. మీకు దొరకనిదంటూ ఉందా? చూడండి. ఠీక్ హై?"

బసవపున్నయ్య బుర్ర ఊపి వచ్చేశాడు. ఆయన ఒంట్లో ఉన్న సంతోషం ఇంతా అంతా కాదు. అబద్ధమెందుకు, మనిషి పొంగిపోయాడు. రిటైరయ్యాక నోయిడాలో కూతురు ఉష ఫ్లాట్‌లో బాల్కనీ పక్క గది ఆయన కోసం సిద్ధంగా ఉంది. అల్లుడింట్లో పేపరు కూడా వాళ్ళు చదివాక తీసుకుని, మనవడు దీపు హిందీలో అడిగినదానికి తల ఊపుతూ కూర్చోవాలి. ఆ గండం ఏడాది వాయిదా పడింది. పైగా హాసిని.

ఫైలు తీశాడు. పది నిమిషాల్లో దొరికేసింది. దరఖాస్తుతో పాటు కాలేజీ ప్రిన్సిపాల్ ఇవ్వాల్సిన ఫార్వర్డింగ్ లెటర్ ఉంటుంది. దాని మీద ప్రిన్సిపాల్ సంతకం లేదు. ప్రిన్సిపాల్ తరఫున అని వైస్ ప్రిన్సిపాల్ చేశాడు. అలా చేసే అధికారం తనకి ఉందన్న కాగితం జతచెయ్యలేదు. చిన్నాచితకా తప్పు కాదు, దరఖాస్తు మొత్తాన్ని మొదట్లోనే తోసిపుచ్చగల తప్పు. బసవపున్నయ్య వేలితో ఆ సంతకం మీద రెండుసార్లు కొట్టాడు.

తర్వాత చెక్‌లిస్టు తిప్పాడు. "ఫార్వర్డింగ్ లెటర్ సక్రమంగా ఉన్నది" అన్న వరసకి ఎదురుగా టిక్కు. పక్కన తన పొడి సంతకం.

ఆ టిక్కు వంక ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. టీ తెచ్చినవాడు రెండుసార్లు పిలిచి పెట్టేసి పోయాడు. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటి తప్పు. అదీ ఆవిడ ఫైల్లో. అదీ చచ్చినవాళ్ళ కాగితాలు చూడలేక.

సాయంత్రం ఇంట్లో సుభాషిణమ్మ పచ్చి బఠాణీలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. కన్సల్టెంటు సంగతి మొదట చెప్పాడు. టిక్కు సంగతి చెప్పలేదు. ఆవిడ విన్నంతసేపూ విని, ఖాళీ తొక్కలు ఒక పక్కకి నెట్టి, "ఇన్నాళ్ళూ మీ ఇష్టానికి మీరు తిప్పి పంపారు. జనం తిడితే, మా ఆయన తిక్క అంతే, ఒకడి మాట వినడు అనేదాన్ని. ఇప్పుడు ఒకడు చెప్పాడని పంపుతారన్నమాట" అంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట సూటిగా దిగింది. ఆయనకి కోపం వచ్చింది. ముందు పెళ్ళాం మీద, తర్వాత భరద్వాజ్ మీద. హాసిని మీద పగ నాది. నేను రోజూ నీళ్ళు పోసి పెంచుకున్న పగ. దాన్ని వీడెవడో తన పనికి అద్దెకి తీసుకుంటాడా? కుర్చీ వేసి, టీ పోసి? హాసినిని తిప్పి పంపాలంటే నేను పంపాలి, రూలు ప్రకారం పంపాలి, మొహం మీదే పంపాలి. ఇంకొకడి చేతి కర్రనై కాదు.

ఇది గొప్ప మనసు కాదు. ఎవరైనా అలా అనుకుంటే ఆయనే ఒప్పుకోడు.

పొద్దున్నే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దరఖాస్తులు కాగితాల మీద వచ్చినా, నోట్లు రాసేది ఇప్పుడు అందులోనే. నోట్ రాస్తున్నంతసేపూ పసుపు రంగు పేజీ, ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. ఒకసారి పైకి పంపేస్తే ఆకుపచ్చగా మారుతుంది. ఇక బ్రహ్మదేవుడు కూడా చెరపలేడు. ఆయన టైపు చేసింది ఇంగ్లిషులోనే, తెలుగులో చెప్పుకుంటే ఇది:

"డైరెక్టరు గారు చర్చించారు. రెండో ర్యాంకు దరఖాస్తులో లోపం వెతకమని మౌఖికంగా ఆదేశించారు. వెతకగా, ఫార్వర్డింగ్ లెటర్ మీద ప్రిన్సిపాల్ సంతకం లేదని కనుగొన్నాను. ఈ లోపాన్ని పరిశీలన దశలో పట్టుకోవలసింది నేను. పట్టుకోలేదు. తప్పు నాది, దరఖాస్తుదారుది కాదు. తొమ్మిదో రూలు ప్రకారం, పరిశీలనలో చెప్పని లోపం మీద కమిటీ సిఫారసు తర్వాత ఎవరినీ తిరస్కరించరాదు. మంజూరు చేసి, సరైన లెటర్ ఏడు రోజుల్లో తెప్పించుకోవచ్చు. ఆదేశాల కోసం."

"తప్పు నాది" దగ్గర చాలాసేపు ఆగాడు. తీసేశాడు. "పొరపాటు జరిగినది" అని రాశాడు. ఎవరివల్ల జరిగినదో లేని ఆ వాక్యాన్ని ఎవరైనా తన దగ్గరికి పంపి ఉంటే తనేం చేసేవాడో గుర్తొచ్చింది. మళ్ళీ "తప్పు నాది" అనే పెట్టాడు. పంపేశాడు. పేజీ ఆకుపచ్చగా మారింది.

భరద్వాజ్ పిలిపించలేదు. "మౌఖికంగా ఆదేశించారు" అన్న మాట ఆకుపచ్చ పేజీలో పడ్డాక ఆయన చెయ్యగలిగింది సంతకం పెట్టడం ఒక్కటే. పెట్టాడు. కన్సల్టెంటు కాగితం మాత్రం కదల్లేదు. రిటైర్మెంటుకి మూడు రోజుల ముందు బసవపున్నయ్య చేతికి మెమో వచ్చింది. పరిశీలనలో నిర్లక్ష్యానికి కారణం తెలపమని. ఆయన దాని కిందే రాసిచ్చాడు: "కారణం: చూడలేదు."

క్యాంటీన్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆబ్జెక్షన్ సాబ్‌కి మతిపోయిందన్నారు.

ముప్ఫై ఒకటో తారీఖు రెండింటికి కాన్ఫరెన్స్ రూములో సెండాఫ్ పెట్టారు. శాలువా, సమోసాలు, డైరెక్టరు గారి నాలుగు మాటలు. ఒకటిన్నరకి హాసిని వచ్చింది. ఫోన్లో గొంతు తప్ప మనిషిని చూడటం అదే మొదలు. సన్నగా, నిద్రలేని కళ్ళతో, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరుతో నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇగో. ప్రిన్సిపాల్ సొంత సంతకం. ముద్ర. తేదీ. ఇంకేమన్న ఉన్నదా?"

ఆయన రెండుసార్లు చదివాడు. "సరిగ్గా ఉందమ్మా."

"మంజూరైనంక గూడ ఇంకో కాయితం అడిగిండ్రు సూడు, మిమ్మల్ని ఏమనాల్నో నాకు తెలుస్తలేదు సార్. మూడేండ్లు. పదమూడు మంది పోయిండ్రు. ఒక్కరి మాటన్న నా దగ్గర లేదు. మీ గ్రాంటు లేకుంటే ఏంది, టేపు పట్టుకొని పోరాదా అంటరు అందరు. పోయిన. సెలవు దొరికిన రోజల్ల పోయిన. ఒక్కరి దగ్గరనన్న వారం రోజులు కూసుంటె గద మాట వచ్చేది. ఇయ్యాల మీరు రిటైరట గద. మంచిది. ఇంకెవలికి ఈ గోస ఉండదు."

పక్క టేబుల్ నుంచి ప్రీతి తలెత్తింది. తెలుగు రాకపోయినా ఆ తిట్టు దేని గురించో ఆ పిల్లకి అర్థమైంది. "సర్, మైఁ బతా దూఁ?" అంది మెల్లగా. చెప్పెయ్యనా అని. ఆయన వద్దని తల ఊపాడు. ఫైల్లో సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదన్నది రూలు. రూలొక్కటే కాదు. చెబితే ఆవిడ థాంక్స్ అంటుంది. అది పుచ్చుకునే మొహం తనకి లేదని ఆయనకి అప్పటికి తెలిసింది.

మంజూరు ఉత్తరానికి కుట్టడం కోసం నాలుగో అనెక్సర్ బయటికి తీశాడు. "జాబితా ఇదేగా. మార్పేమీ లేదు కదా" అన్నాడు. పాత అలవాటు, నోట్లోంచి జారిపోయింది.

హాసిని ముందుకొచ్చింది. వంగి, ఆయన టేబుల్ మీది పెన్ను తీసుకుని, ఏడో పేరు మీద గీత కొట్టింది. "జానకమ్మ. మొన్న మంగళవారం. సర్టిఫికెట్ ఇంక రాలే. వచ్చినంక పంపిస్త."

ఆయన పెదవులు కదిలాయి. "కొట్టివేత పక్కన సంతకం పెట్టాలమ్మా" అన్నాడు. ఆవిడ పెట్టింది. తేదీ కూడా వేసింది. పెన్ను మూత పెట్టి ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది.

గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి బసవపున్నయ్య అడిగాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరినీ అడగని మాట అది. "ఆవిడది ఏ ఊరమ్మా?"

హాసిని వెనక్కి తిరిగి చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"రెండో కాలమ్‌ల రాసి ఉన్నది సార్. మూడేండ్ల సంది రాసే ఉన్నది. మీరు సదవలేదా?"

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ముప్ఫై ఒకటి అని లెక్కపెట్టాడు, ఇరవై ఆరు అని లెక్కపెట్టాడు, పందొమ్మిది అని లెక్కపెట్టాడు. పేర్ల పక్కన ఏముందో ఏనాడూ చూడలేదు. గీత జానకమ్మ పేరు మీదుగా వచ్చి రెండో కాలమ్ ముందు ఆగిపోయింది. మక్తల్, అని ఉంది. దాని పక్కన మూడో కాలమ్ కూడా ఉంది, ఢిల్లీలో మొదట ఏ పనిలో చేరిందో. ఆయన వేలు పైకి జరిపి మొదటి పేరు దగ్గర పెట్టాడు. కోస్గి. ఊట్కూరు. ధన్వాడ. దామరగిద్ద. పెదాలు కదుపుతూ ఒక్కో వరసా చదవసాగాడు.

రెండు దాటాక ప్రీతి వచ్చి, అందరూ ఎదురుచూస్తున్నారనీ, డైరెక్టరు గారు కూడా వచ్చేశారనీ చెప్పింది. ఆయన తలెత్తలేదు. పదకొండో ఊరి దగ్గర ఉన్నాడు.